స్టాండ్ కోసం కన్సోల్ కొంటారా అంటే... స్విచ్ ఓఎల్ఈడీతో మూడేళ్లు దాటాక

నింటెండో స్విచ్ అంటే చేతిలో పట్టుకొనీ, టీవీకి తగిలించీ ఆడుకునే గేమ్ కన్సోల్, ఓఎల్ఈడీ అంటే అందులో మంచి స్క్రీన్ ఉన్న మోడల్. నేను దీన్ని కొన్నది ఆ స్క్రీన్ కోసం. ఇన్నాళ్లూ అమ్మకుండా ఉంచుకున్నది మాత్రం వెనకున్న స్టాండ్ కోసం. నవ్వుకోండి, పర్లేదు. కొన్న కొత్తలో ఆఫీసులో కూడా నవ్వారు, పాత స్విచ్‌లో ఉన్న చిప్ అదే, స్క్రీన్ రెజల్యూషన్ అదే 720, దీనికి మళ్లీ డబ్బులెందుకు తగలేశావని. వాళ్లన్నదాంట్లో తప్పేం లేదు. 2017 స్విచ్‌లో ఒక ఆట ఎలా నడిచేదో 2021 అక్టోబర్‌లో వచ్చిన ఈ ఓఎల్ఈడీలోనూ అంతే నడుస్తుంది, ఇసుమంత కూడా స్పీడు పెరగదు. స్పెక్స్ అందరికీ తెలిసినవే కాబట్టి ఇక్కడ మళ్లీ రాయను.

పాత మోడల్‌కు వెనక ఒక మూలన వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, ఒకే ఒక్క కోణంలో తెరుచుకుంటుంది. మెమరీ కార్డు పెట్టే చోటు దాని కిందే కాబట్టి నా దృష్టిలో అది స్టాండ్ కాదు, కార్డుకు మూత. ఓఎల్ఈడీకి అలా కాదు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెనకభాగమే తలుపు తీసినట్టు తెరుచుకుంటుంది. కీలు బిగువుగా ఉంటుంది, ఎంత వంచితే అంతలో ఆగుతుంది. పనేమో బెంగళూరులో, ఇల్లేమో కర్నూలులో, నెలకు రెండుసార్లయినా తిరగాలి. వందేభారత్‌లో టికెట్ దొరికితే కర్నూలు సిటీలో ఎక్కగానే సీటు ముందు ట్రే దించి, దీన్ని నిలబెట్టి, రెండు పక్కలా ఉండే కంట్రోలర్లు, అదే జాయ్‌కాన్లు, రెండూ ఊడదీసి చెరో చేతిలో పెట్టుకొని వెనక్కి వాలిపోతా. మెడ నొప్పి లేదు, చేతుల బరువు లేదు. ఇదంతా నాకు ముందే తెలిసిన సుఖం. తెలియనిది పోయిన ఏడాది మే నెలలో బయటపడింది.

ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. మాది పాతబస్తీ వైపు ఇల్లు, ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్లు చూడక చచ్చి చాలా రోజులైంది, ఇంట్లో కూర్చుంటే ఉడికిపోవడమే. అందరం మిద్దెక్కాం. కేసీ కాలువ దోమలు ఒకపక్క, వేడిగాలి ఒకపక్క. పీట మీద స్విచ్ నిలబెట్టి మా అక్క కొడుకు, నేను క్లబ్‌హౌస్ గేమ్స్ పెట్టుకున్నాం. అందులో 51 ఆటలుంటాయి, క్యారమ్స్, లూడో కూడా ఉన్నాయి, మొట్టమొదటిది మంకాలా, గుంతల్లో గింజలు పంచే ఆట. వాడు దాన్ని తెరిచాడో లేదో, నులకమంచం మీద పడుకున్న మా జేజి లేచి కూర్చుంది.

"అవి వామనగుంతలు గదరా?"

అవును జేజీ, దగ్గరదగ్గర అవే అన్నాను. ఎనభై దాటిన మనిషి. కంటికి ఆపరేషన్ అయింది, ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఎవరో చెప్పడానికి అరనిమిషం పడుతుంది. మామూలు ఫోన్ వెలుగు కళ్లలో కొడుతుందంటుంది. ఇక్కడ చుట్టూ చీకటి, స్క్రీన్‌లో నల్లగా ఉండాల్సింది నిజంగానే నల్లగా ఉంటుంది కాబట్టి వెలుగు తగ్గించినా గింజలు తేటగా కనబడ్డాయి. మంచం దిగి వచ్చి పీట ముందు కూర్చుంది. మేం బటన్లు నేర్పబోతుంటే వినిపించుకోకుండా వేలు పెట్టి గుంతను ఒక్క పోటు పొడిచింది.

టచ్ చేయడం కాదు, పొడవడం. చపాతీ పిండి మెత్తబడిందా అని చూస్తామే, అలా. నా గుండె ఆగినంత పనైంది. కన్సోల్ మాత్రం అక్కడే ఉంది. స్టాండ్ బారుగా నేలకు ఆనుకొని ఉంటుంది కదా, ఆ పోటుకు కోణం కొంచెం జరిగింది తప్ప వెనక్కి పడలేదు. నాలుగు పోట్ల తర్వాత నేనే ఇంకాస్త వంచి పెట్టాను, అప్పటి నుంచి కదల్లేదు.

ఆ తర్వాత గంటసేపు నడిచింది పంచాయితీ. "ఆరు గుంతలేందిరా, ఏడుండల్ల గదా?" అంది. మనది ఏడేడు పద్నాలుగు గుంతలు, ఇందులో ఆరారు పన్నెండే, పైగా రెండు చివర్లా చెరో పెద్ద గుంత. మనకైతే చేతిలో గింజలు అయిపోయిన చోట పక్క గుంతలోవి ఎత్తుకొని ఆట కొనసాగిస్తాం. ఇందులో ఆఖరు గింజ మన పెద్ద గుంతలో పడితేనే మళ్లీ మన వంతు. "దొంగాట" అని తేల్చేసింది. అలా అంటూనే రెండో ఆటకల్లా ఆ కిటుకు పట్టేసి, పెద్ద గుంతలోకి సరిగ్గా లెక్క కుదిరే గుంతనే వెతికి పొడుస్తోంది. మూడో ఆటలో కంప్యూటర్‌ను ఓడించింది. చింతగింజలు చేతికి తగలడం లేదన్న అసంతృప్తి ఒక్కటే మిగిలింది.

ఇంత పొగిడాక అసలు సంగతి చెప్పకపోతే మోసం అవుతుంది. కరెంటు ఇంకా రాలేదు, ఛార్జింగ్ ఎర్రగీతకు వచ్చింది. పవర్‌బ్యాంక్ ఉంది, వైరు ఉంది, కానీ ఛార్జింగ్ పోర్ట్ కన్సోల్ అడుగున ఉంటుంది. నిలబెడితే పోర్ట్ పీటకు ఆనుకుంటుంది. ఇంత బారు స్టాండ్ పెట్టి పోర్ట్ అక్కడే వదిలేశారు! చివరికి నేను చేత్తో పట్టుకొని కూర్చుంటే జేజి పొడుస్తూ ఉంది, అంటే ఆఖరి పావుగంట స్టాండ్ నేనే.

ఇంకోటి, స్క్రీన్ మీద కంపెనీవాళ్లే ఒక పలుచని ఫిల్మ్ అంటించి ఇస్తారు, గ్లాస్ పగిలితే ముక్కలు చెదరకుండా. అది పీకకూడదు. "ప్యాకింగ్ కవరు ఇంకా తీయలేదేంది మామా" అంటూ మా వాడు గోరుతో ఒక మూల లేపేశాడు. మళ్లీ అదిమి అంటించాను కానీ మన ఊరి దుమ్ము ఊరుకుంటుందా, బియ్యపుగింజంత బుడగ మిగిలిపోయింది, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ వస్తే కనబడుతుంది. వస్తువు తప్పు కాదు, నేను మొదటిరోజే దానిపైన ఇంకో గార్డ్ వేయించుకోవాల్సింది.

ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం దీన్ని ముట్టుకోను. 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీ చెబుతుంది, కర్నూలులో మేలో 35 అంటే చల్లటి సాయంత్రం కింద లెక్క. ఏసీ గదిలో అయితే వేరే మాట. మన దగ్గర అధికారికంగా అమ్మరు, నాది బయటి నుంచి తెప్పించి అమ్మే దుకాణంలో కొన్నది, కాబట్టి బిల్లు మీద వారంటీ అన్న మాటే లేదు. వాళ్లిచ్చిన పిన్ కన్వర్టర్ సాకెట్‌లో వదులుగా ఊగి ఒకసారి నిప్పురవ్వలు రాలాయి, అదే రోజు మార్చేశాను. అసలు అడాప్టర్ 100 నుంచి 240 వోల్ట్‌ల వరకు తీసుకుంటుంది, దానితో ఇబ్బంది లేదు.

ఇప్పుడు కొనాలా అంటే, టీవీకి తగిలించి ఆడేవాళ్లయితే స్క్రీన్, స్టాండ్ రెండూ డాక్‌లోనే (టీవీకి కలిపే పెట్టెలోనే) ఉండిపోతాయి, మీ పాతది చాలు. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చింది, 7.9 అంగుళాల స్క్రీన్, రెజల్యూషన్ 1080, పైన ఇంకో పోర్ట్ కూడా ఇచ్చారు, అంటే నిలబెట్టి ఛార్జ్ చేసుకోవచ్చు. నా ఏడుపంతా ఆ పోర్ట్ గురించే కాబట్టి మనసు లాగుతోంది. కానీ దాని స్క్రీన్ మళ్లీ ఎల్‌సీడీ, అంటే నలుపు ఇంత నల్లగా ఉండదు, బరువూ ఎక్కువ, చీకట్లో జేజి కళ్లకు ఎలా ఉంటుందో చూడకుండా కొనను. ఒంటరిగా ఉంటూ, గ్రాఫిక్స్ కోసం ఆడే పాతికేళ్ల కుర్రాడికి నా లెక్కలేవీ పనికిరావు, వాడు కొత్తదే కొనుక్కోవాలి. చేతిలో డబ్బు తక్కువుండి, ఇంట్లో నలుగురు కలిసి కూర్చునే అలవాటుండి, ఓఎల్ఈడీ సెకండ్‌హ్యాండ్‌లో మంచి స్థితిలో దొరికితే మాత్రం చూడండి. చూసేటప్పుడు స్టాండ్ తెరిచి నాలుగైదు కోణాల్లో వదలండి, ఎక్కడైనా దానంతటదే జారిపోతే వద్దు.

నాదైతే ఇప్పుడు కర్నూలులోనే ఉండిపోయింది. పోయినసారి బ్యాగులో పెట్టుకోబోతుంటే, "నీకు రైల్లో నిద్ర రాదా?" అని అడిగింది జేజి.