చాట్స్‌వర్త్ వెళ్తే గుర్రపుశాలకి ఒక గంట కేటాయించండి

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ వైపు వెళ్లినవాళ్లు డెవన్‌షైర్ డ్యూకుల వంశానికి చెందిన చాట్స్‌వర్త్ హౌస్ అనే పెద్ద భవంతి చూడకుండా రారు. భవనం, ఫౌంటెన్లు అన్నీ చూశాక కాళ్లు నొప్పెడుతుంటే టీ కోసం, ఇప్పుడు రెస్టారెంట్లున్న గుర్రపుశాలలోకి వస్తారు. నన్నడిగితే ముందు దాన్నే తీరిగ్గా చూడమంటాను.

పాత గుర్రపుశాలలు ఇంటికి కనిపించేంత దగ్గర్లో ఉండేవి. ఆ వంశంలో నాలుగో డ్యూక్ వాటిని కూల్చేయించి, ఈశాన్యం వైపు గట్టు మీద కొత్తది కట్టించాడు. 1760ల నాటి ఈ కట్టడానికి డిజైన్ జేమ్స్ పెయిన్‌ది. కింద నది మీద ఉన్న మూడు కమానుల వంతెనా ఆయనదే. ఇంత చేసి కంటికి కనబడకుండా దాచారా అంటే, లేదు. ద్వారం దగ్గర పాత గ్రీకు పద్ధతిలో లావుపాటి డోరిక్ స్తంభాలు, పైన దుప్పులతో చెక్కిన వంశచిహ్నం, ఆపైన బురుజు. కోట గుమ్మం ముందు నిలబడ్డట్టే ఉంటుంది!

లోపల నాలుగు వైపులా రెండంతస్తుల కట్టడం, మధ్యలో ప్రాంగణం. ఒక్కో వైపు దాదాపు 58 మీటర్లు. కింద 80 గుర్రాలకు చోటు, నాడాలు కొట్టే కమ్మరి కొలిమి కూడా అక్కడే. పై అంతస్తులో ధాన్యం కొట్లు, పనివాళ్ల గదులు. ఒక గది తలుపు మీద ‘మూడో పోస్టిలియన్’ అని రాసి ఉండేదట. బండి లాగే గుర్రం మీదే కూర్చుని తోలేవాడు పోస్టిలియన్. మూడోవాడికి కూడా హోదా ప్రకారం గది ఇచ్చారంటే, ఆ ఇల్లు ఎలా నడిచేదో నాకు భోజనశాల వైభవం కన్నా ఈ తలుపే బాగా చెప్పింది.

1939లో చివరి గుర్రాలు వెళ్లిపోయాయి. ఇప్పుడు రెస్టారెంట్లు, షాపులు ఉన్నాయి. మధ్యాహ్నం రద్దీ మొదలవకముందే వెళ్తే ప్రాంగణంలో కూర్చుని గోడల్ని నింపాదిగా చూడొచ్చు. గుర్రాలు కూడా కావాలంటే పారిస్ దగ్గర షాంటిలీలో ఉన్న గుర్రపుశాలకి వెళ్లాలి. అది 240 గుర్రాల కోసం కట్టింది, 186 మీటర్ల పొడవు. వైభవంలో దానిదే పైచేయి. కట్టడం ఎలా పనిచేసేదో అర్థం కావడానికి మాత్రం నా ఓటు చాట్స్‌వర్త్‌కే.

బసకి కారుంటే దగ్గర్లోని బేక్‌వెల్ హాయి, ఊరు చిన్నది, అందమైనది. మేం దిగిన బీ అండ్ బీలో (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే చిన్న బస) మెట్లు మరీ ఇరుకు, పెద్దవాళ్లుంటే గది కింద అంతస్తులో ఉందో లేదో ముందే అడగండి. కారు లేకపోతే షెఫీల్డ్‌లో దిగడమే నయం, రైలు దిగి బస్సు పట్టుకోవచ్చు.