ట్రాలీ తగిలాక బాగుచేయించిన స్టీరింగ్: చాన్నాళ్లు నడిపాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తా. గుద్దుకున్న బండికి స్టీరింగ్ పని చేయించినప్పుడు, అలైన్‌మెంట్ షీట్‌లో (చక్రాల కోణాలు కొలిచి ఇచ్చే కాగితం) టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం, పచ్చగా (హద్దుల్లోనే ఉన్నట్టు) వచ్చింది కదా అని బిల్లు కట్టేసి రాకండి. ఆ ఒక్క అంకెనీ పచ్చగా తేవడం అలైన్‌మెంట్ కుర్రాడికి పావుగంట పని. కింద వంగింది వంగినట్టే ఉంటుంది.

నాది చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. నెల్లూరు, ఒంగోలు మధ్య తరచూ తిరగాల్సిన పని. ఉలవపాడు దగ్గర హైవే మీదికి అడ్డంగా వచ్చిన ట్రాక్టర్ ట్రాలీ మూల ఎడమ ముందు చక్రానికి తగిలింది. మనుషులకేం కాలేదు. బంపరు, ఫెండరు, రిమ్ము పోయాయి. మొదటి వర్క్‌షాపులో టింకరింగ్, పెయింటు ఎంత బాగా చేశారంటే దెబ్బ ఎక్కడో నాకే కనపడలేదు. స్టీరింగ్ లాగుతోందంటే మాత్రం "టైరు కొత్తది కదన్నా, సెట్ అయిపోద్దిలే" అన్నారు.

సెట్ అవ్వలేదు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే బండి ఎడమకి పోతుంది. మన రోడ్లు ఎడమ అంచు వైపు కాస్త వాలుగా ఉంటాయి కాబట్టి కొంచెం అటు జరగడం ఏ బండికైనా మామూలే. కానీ నాది చేయి వదిలిన మరుక్షణం మార్జిన్ గీత వైపు పోయేది. ఎడమకి తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి వచ్చేది కాదు. కొన్నాళ్లకే ఎడమ టైరు బయటి అంచు ఆకురాయితో రుద్దినట్టు అయిపోయింది.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయనకి చూపించా. ఆయన అలైన్‌మెంట్ మెషీన్ జోలికే పోలేదు. ముందు రెండు టైర్లూ అటూ ఇటూ మార్చి నడిపాడు. తప్పు టైరుదైతే బండి లాగే వైపు మారాలి, మారలేదు. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపాడు, టైరాడ్ (స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే కడ్డీ) ఎండ్‌లో ప్లే, అంటే వదులు, లేదు. పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగ్ కూడా గట్టిగానే ఉన్నాయి. ఇక స్టీరింగ్‌ని నడిమధ్య నుంచి చివరిదాకా తిప్పి చూస్తే ఎడమకి ఒకటింపావు చుట్టు, కుడికి ఒకటిముప్పావు. రెండూ సమానంగా ఉండాలి. బండి కింద దూరి టార్చి వేసి చూపించాడు: ఎడమ టైరాడ్ మీద లాక్ నట్టు బయట నాలుగే థ్రెడ్‌లు, కుడివైపు పదికి పైనే. అంటే మొదటి వర్క్‌షాపు వాళ్లు ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకి కదిలి టైరాడ్‌లని తోసే పళ్ల కడ్డీ) పక్కకి జరిగిన సంగతి వదిలేసి, టైరాడ్‌లు తిప్పి, స్టీరింగ్ వీల్‌ని ఊడదీసి నిటారుగా కనపడేలా బిగించేశారన్నమాట.

అసలు సంగతి సబ్‌ఫ్రేమ్ (ర్యాక్, లోయర్ ఆర్మ్‌లు బిగించి ఉండే కింది ఇనుప చట్రం) బోల్టు దగ్గర బయటపడింది. వాషర్ పక్కన నెలవంక ఆకారంలో శుభ్రమైన ఇనుము కనపడుతోంది, చుట్టూ ఏళ్లనాటి మట్టి. దెబ్బకి సబ్‌ఫ్రేమ్ జరిగిందనడానికి అదే గుర్తు. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి టేపు పెడితే ఎడమవైపు కొలత పొట్టిగా వచ్చింది. చక్రం వెనక్కి పోయి క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గింది, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి పట్టి ఉంచే చేయి) వంగి క్యాంబర్ ప్లస్‌లోకి వెళ్లింది, అంటే చక్రం పైభాగం బయటికి వాలింది. బండి ఎడమకి లాగడానికి, టైరు బయటి అంచు అరగడానికి కారణం ఇవే. నాది లాంటి చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో ఒక్కటే. "ఇది అలైన్‌మెంటుతో పోయేది కాదబ్బయ్యా" అని ఆయన అన్నది అందుకే.

సబ్‌ఫ్రేమ్ వదులు చేసి, సరిచేసి బిగించాడు. లోయర్ ఆర్మ్, టైరాడ్, ఎండ్ కొత్తవి వేశాడు. ఆర్మ్‌ని వేడి చేసి బెండు తీస్తే చవకలో పోతుందని పక్క షాపులో ఒకాయన సలహా ఇచ్చాడు. స్టీరింగ్‌కి సంబంధించిన ముక్కని కాల్చి వంచడమంటే నాకు భయం, వద్దన్నా. ఆర్మ్ బుష్ బోల్టులు మాత్రం బండిని నేల మీదకి దించాకే చివరిగా బిగించాడు. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చీలిపోతుందట. అలైన్‌మెంట్ తర్వాత స్కానర్ పెట్టి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని (స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచేది) సున్నాకి తెచ్చారు.

ఖర్చు నా జేబులోదే, ఎందుకంటే అప్పటికే ఇన్సూరెన్స్ క్లెయిమ్ ముగిసింది. బండి విప్పినప్పుడు లోపలి డ్యామేజీ కనపడితే ఫైనల్ బిల్లు కాకముందే ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని మళ్లీ పిలిపించి సప్లిమెంటరీ ఎస్టిమేట్ (అదనపు ఖర్చు అంచనా) వేయించుకోవాలి. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం తరుగు (పాతబడినందుకు కోత) తీసేస్తారు. నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి ఇనుప భాగాల మీద 35 శాతం. జీరో డెప్ (ఈ తరుగు కోయని అదనపు కవర్) ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.

ఆ పని తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఒంగోలు దాకా ఒంటి చేత్తో వెళ్లొచ్చేంత నిటారుగా పోతోంది. టైర్లు రెండూ సమానంగా అరుగుతున్నాయి, చుట్లు అటూ ఇటూ సమానమే. ఒక్క ఫిర్యాదు ఉంది. పొదిలి రోడ్డులో గుంతల మీద ఎడమవైపు చిన్నగా టక్ టక్ మంటోంది. స్టెబిలైజర్ లింకు (బండి పక్కకి ఒరగకుండా ఆపే రాడ్‌ని చక్రం వైపుకి కలిపే చిన్న కడ్డీ) అనుకుంటున్నాం, అప్పుడు మార్చని వాటిలో అదొకటి. లింకు తెప్పించి పెట్టా, ఈ సర్వీసులో వేయిస్తా.