టార్ ఫైల్ విప్పడానికి సొంత చెకింగా, పైథాన్ ఫిల్టరా?

బిల్డ్ స్క్రిప్ట్ ఒక డిపెండెన్సీని (ప్రోగ్రామ్‌కి కావలసిన బయటి కోడ్‌ని) టార్ ఫైల్ నుంచి, అంటే చాలా ఫైళ్లను ఒక్కటిగా కట్టిన మూట నుంచి విప్పుతోంది. లోపలి ఫైల్ పేరు "../../" (పై ఫోల్డర్లకు వెళ్లమని అర్థం) అని మొదలైతే అది మీ ఫోల్డర్ దాటి ఎక్కడో కూర్చుంటుంది. పైథాన్‌లో ఈ లొసుగు 2007లోనే బయటపడింది.

శ్రమ: సొంత చెకింగ్‌కి పది లైన్లు, పైన టెస్టులు. ఇలాంటి ప్రమాదకరమైన ఫైళ్లను ఆపే పైథాన్ సొంత ఫిల్టర్‌కి ఒక్క మాట, filter="data".

రిస్క్: సొంత కోడ్‌లోనే ఎక్కువ. పాత్ "/యాప్/బిల్డ్"తో మొదలైందా అని మాత్రమే చూస్తే "/యాప్/బిల్డ్-పాత" కూడా దర్జాగా పాసైపోతుంది. సిమ్‌లింకులైతే (వేరే చోటికి దారి చూపే ఫైళ్లు) చాలామందికి గుర్తే రావు. ఫిల్టర్‌నీ గుడ్డిగా నమ్మలేం లెండి. 2025లో దాన్ని దాటే లోపాలు దొరికాయి, ప్యాచ్ వేశారు.

ఖర్చు: రెండూ ఉచితమే.

పైథాన్ 3.12, ఆపై వెర్షనైతే ప్యాచ్‌లు వేసుకుని ఫిల్టరే వాడండి, 3.14లో అదే డిఫాల్ట్. కదిలించలేని పాత సర్వరైతే సొంత చెకింగ్ తప్పదు, లింకులన్నీ తిరస్కరించేలా రాయండి.