లూసియాకి ఇంగ్లీషు ఎవరు నేర్పాలి?

అమెరికాలో ఉంటూ తెలుగులో కథలు రాసే మిత్రులు ఈ మధ్య నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "నా కథలో ఒక మెక్సికో అమ్మాయి ఉంది. ఇంట్లో స్పానిష్. టీనేజ్‌లో ఇంగ్లీషు నేర్చుకుంటుంది. ఎలా నేర్చుకుందని రాస్తే నమ్ముతారు?" అని. టెక్సాస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్ లాంటి చోట ఒకే అపార్ట్‌మెంట్లలో పైన తెలుగువాళ్ళు, కింద మెక్సికోవాళ్ళు ఉండటం మామూలే. అలాంటప్పుడు ఈ పాత్రలు మన కథల్లోకి రాకుండా ఎలా ఉంటాయి?

నాకూ ఇదే తలనొప్పి పట్టుకుంది. నేను రాస్తున్న నవలలో లూసియా అని పద్నాలుగేళ్ళ పిల్ల ఉంది. సొంతూరు మెక్సికోలోని గ్వానహ్వాతో రాష్ట్రంలో ఓ పల్లె. నాన్న ఇర్వింగ్‌లో ఇళ్ళ కప్పులు వేసే పని చేస్తాడు. డాలస్ చుట్టుపక్కల వడగళ్ళు పడినప్పుడల్లా ఆ పనికి గిరాకీ. మొదటి ప్రతిలో లూసియా ఐదో అధ్యాయం కల్లా గడగడా ఇంగ్లీషు మాట్లాడేసింది. చదివిన స్నేహితురాలు, "ఇదేంటి, రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి వచ్చేసిందా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. అప్పుడు కూర్చుని ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

నా లెక్క ముందే చెప్పేస్తాను. పాత్రకి ఇంగ్లీషు ఎంత వచ్చిందన్నది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. ఏ మాటలు ముందు వచ్చాయి, ఏ మాటలు ఇంకా రాలేదు అన్నది చూసుకోవాలి. దారిని బట్టి పిల్ల దగ్గరున్న మాటల మూట మారిపోతుంది.

మెక్సికోలో బడి దారి అందరికీ తెలిసిందే. అక్కడ సెకుందారియా అంటే మన ఏడు నుంచి తొమ్మిది తరగతులు. వారానికి మూడు పీరియడ్లు ఇంగ్లీషు. ఎన్నేళ్ళు చదివినా "వెర్బో టు బీ" (యామ్, ఈజ్, ఆర్) దాటరని అక్కడ పాత జోకు. మనం నవ్వడానికేం లేదు. వాయిసులు, స్పీచులు నోటికి పట్టి, బస్సులో పక్కవాడిని టైమెంత అని ఇంగ్లీషులో అడగలేని పదో తరగతి మనదీ. ఈ దారిలో వచ్చిన పిల్లకి పెన్సిల్ టేబుల్ మీద ఉందని చెప్పడం వస్తుంది. పెన్సిల్ ఇస్తావా అని అడగడం రాదు. పైగా స్పానిష్‌లో దాదాపు మన తెలుగులాగే రాసినట్టే చదువుతారు. ఇంగ్లీషులో రాసేది ఒకటి, పలికేది ఒకటి అయ్యేసరికి కాగితం మీద తెలిసిన మాట కూడా చెవిన పడితే కొత్తగా ఉంటుంది. ఒక్క బడితోనే పని కానిచ్చేస్తే కథ చప్పగా ఉంటుంది. అడుగున ఒక పొరగా మాత్రం ఉంచుకోవాలి, ఎంతోకొంత అందరి దగ్గరా అది ఉంటుంది కాబట్టి.

రెండోది సినిమాలు, పాటలు, వీడియో గేమ్‌లు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఒకాయన తన పాత్ర 1980ల మాద్రిద్‌లో హాలీవుడ్ సినిమాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నాడని రాశారు. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో పాలనలో, 1941లో, విదేశీ సినిమాలన్నీ స్పానిష్‌లోకి డబ్ చేసి తీరాలని ఆదేశం వచ్చింది. తర్వాత ఆ నిబంధన పోయింది కానీ అలవాటు పోలేదు. ఆ కుర్రాడు థియేటర్లో, టీవీలో విన్న హాలీవుడ్ హీరోలంతా శుభ్రంగా స్పానిష్ మాట్లాడి ఉంటారు. మెక్సికో సంగతి వేరు. అక్కడ థియేటర్లో చాలాకాలం పెద్దవాళ్ళ సినిమాలకి ఎక్కువగా సబ్‌టైటిళ్ళు, పిల్లల సినిమాలకి డబ్బింగ్ ఉండేవి. ఇప్పటి కాలం కథ అయితే హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే గేమ్‌లు ఉండనే ఉన్నాయి. ఆ మూటలో "రీలోడ్", "బిహైండ్ యూ", ఓ డజను బూతులు ఉంటాయి. అవి ఎక్కడా తడబడకుండా వస్తాయి. డాక్టర్ దగ్గర కడుపులో మంట అని చెప్పాల్సి వస్తే నోరు పెగలదు. హాస్యానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. నేను దాన్ని లూసియా తమ్ముడికి ఇచ్చేశాను.

మూడో దారి వలస వచ్చి అమెరికా బడిలో పడటం. అందరూ ఎంచుకునేది ఇదే, తప్పులు ఎక్కువ చేసేదీ ఇక్కడే. మొదటి అనుమానం, వీసా కాగితాలు లేని పిల్లని బడిలో చేర్చుకుంటారా అని. చేర్చుకుంటారు. టెక్సాస్‌లోనే టైలర్ అనే ఊరి నుంచి వెళ్ళిన కేసులో 1982లో సుప్రీంకోర్టు, కాగితాలు లేవని పిల్లలకి ప్రభుత్వ బడి నిరాకరించకూడదని తేల్చింది. రెండోది, కథ ఏ రాష్ట్రంలో, ఏ సంవత్సరంలో జరుగుతోందో చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 1998లో ఓటింగ్ పెట్టి స్పానిష్‌లో పాఠాలు చెప్పడాన్ని చాలావరకు కట్టడి చేశారు. 2016లో మళ్ళీ ఓటింగ్ పెట్టి ఆ కట్టడి ఎత్తేశారు. 2005 లాస్ ఏంజెలెస్ కథలో పిల్ల సైన్సు పాఠం హాయిగా స్పానిష్‌లో వింటోందని రాస్తే తెలిసినవాళ్ళు పట్టేస్తారు. టెక్సాస్‌లో రెండు భాషల తరగతులు ప్రధానంగా చిన్న క్లాసులకి. హైస్కూల్ వయసులో దిగిన పిల్లకి ఇంగ్లీషు రానివాళ్ళకి విడిగా ఇంగ్లీషు నేర్పే ఈఎస్‌ఎల్ క్లాసే గతి.

అక్కడికి వెళ్ళగానే ఇంగ్లీషు ముంచెత్తుతుందని అనుకుంటాం. ఇర్వింగ్ లాంటి చోట అలా జరగదు. క్యాంటీన్‌లో స్పానిష్, బస్సులో స్పానిష్, కిరాణా కొట్టులో స్పానిష్. ఇంగ్లీషు మాట్లాడకుండా రోజుకి రోజు గడిపేయొచ్చు. మొదట్లో చాలామంది పిల్లలు కొన్ని నెలలపాటు నోరే విప్పరు. వింటుంటారు, అంతే. టీచర్లు మందమతి అనుకుంటారు, ఇంట్లో దిష్టి తగిలిందనుకుంటారు. ఆ మౌనాన్ని రాయగలిగితే సగం పని అయినట్టే. తర్వాత మాట వచ్చినా అది కబుర్ల ఇంగ్లీషు. దానికి రెండేళ్ళు సరిపోతాయి కానీ చదువుల ఇంగ్లీషుకి ఐదేళ్ళు, అంతకంటే ఎక్కువే పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1970ల చివర నుంచీ చెబుతూ వచ్చారు. పద్నాలుగేళ్ళకి దిగిన లూసియాకి హైస్కూల్ అయ్యేసరికి పద్దెనిమిది. జోకులు వేస్తుంది, చరిత్ర వ్యాసం రాయమంటే బిక్కమొహం వేస్తుంది. స్పానిష్ యాస జీవితాంతం ఉండిపోయినా వింతేం లేదు.

ఒక చిన్న వివరం నాకు బాగా నచ్చింది. స్పానిష్‌లోనూ మనలాగే నువ్వు, మీరు వేరువేరు. ఇంగ్లీషులో టీచర్‌ని కూడా "యూ" అనాలంటే పిల్లకి ప్రాణం ఒప్పదు. అందుకే టెక్సాస్ బడుల్లో ఈ పిల్లలు ప్రతి మాట చివరా "మిస్" తగిలిస్తారు. "ఐ గో బాత్రూమ్, మిస్?" ఆ "మిస్"లో మన "అండీ" వినిపిస్తుంది నాకు.

నాలుగో దారికి పేరు పెట్టాలంటే అమ్మ పనులు. నా ఓటు దీనికే. ఇంట్లో అందరికంటే ముందు నాలుగు ముక్కలు వచ్చిన పిల్లే ఇంటిల్లిపాదికీ దుబాసీ అవుతుంది. ఆసుపత్రి, బ్యాంకు, కరెంటు బిల్లు, తమ్ముడి బడి నుంచి వచ్చిన ఉత్తరం, అన్నీ ఆమె నెత్తినే. వలస కుటుంబాల్లో ఇది ఎంత మామూలో, మన కథల్లో అంత తక్కువ. నవలలో ఒక సీన్ ఇలా రాసుకున్నాను.

అపార్ట్‌మెంట్ ఆఫీసు. అద్దె ఒకరోజు ఆలస్యమైందని తలుపుకి నోటీసు అంటించారు. అమ్మ ఊపిరి తీసుకోకుండా అంటోంది: "మిహా, అడుగు దీన్ని. మూడు వారాల నుంచి సింకు కారుతోందంటే చెవిన పెట్టలేదు, అద్దెకి మాత్రం పరిగెత్తుకొచ్చి కాగితం అంటిస్తారా, సిగ్గులేదూ అని అడుగు." మిహా అంటే మన అమ్మలు "తల్లీ" అన్నట్టు. లూసియా కౌంటర్ వైపు తిరిగి, "మై మామ్ సే... ద సింక్. ఈజ్ బ్రోక్. ప్లీజ్" అంది. అవతలామె నవ్వింది. "ఆవిడ అంతసేపు మాట్లాడింది, ఇంతేనా?" లూసియా "జెస్" అంది. అవతలామె వర్క్ ఆర్డర్, అంటే మరమ్మతుకి అర్జీ, పెడతానంది. లూసియాకి "వర్క్" తెలుసు. "ఆర్డర్" తెలుసు, హోటల్లో ఇచ్చేది. రెండూ కలిస్తే ఏమిటో తెలీదు. అమ్మ మోచేత్తో పొడిచింది, ఏమందని. "రేపు మనిషిని పంపిస్తుందట" అంది లూసియా. మర్నాడు ఎవరూ రాలేదు. తిట్లు లూసియాకి పడ్డాయి.

ఒక తప్పు అనువాదం చాలు, కథ దానంతట అదే కదిలింది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నది తలకిందులైంది. అమ్మ కోపాన్ని కూతురు వడపోస్తోంది, ఆఫీసువాళ్ళ మర్యాదని కూతురు పెంచి చెబుతోంది. బడి దారిలో ఇంత ఇరకాటం దొరకలేదు నాకు. ఈ మూటలో ఉండే మాటలు కూడా పిల్లల మాటలు కావు: లేట్ ఫీ, సిగ్నేచర్, డ్యూ డేట్.

ఇక్కడ నాన్న ఇంగ్లీషు కూడా కలుస్తుంది. ఆయన "రూఫో" అంటాడు, "త్రోకా" అంటాడు. రూఫ్, ట్రక్ అన్నమాట. మధ్యాహ్నం తినేది "లోంచే". మనం కారు, బస్సు, రోడ్డు అన్నట్టు అవి టెక్సాస్ స్పానిష్‌లో కలిసిపోయాయి. తనకి ఇంగ్లీషు బాగానే వచ్చని ఆయన ధీమా. కూతురికి ఏ మాట ఏ భాషదో తెలియక బడిలో "మై ఫాదర్ ఈజ్ రూఫేరో" అనేస్తుంది.

తప్పుల విషయంలో మనవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఏ దారి ఎంచుకున్నా పాత్ర చేత తెలుగువాళ్ళ తప్పులు చేయించకండి. నేను చదివిన ఒక కథలో మెక్సికో కుర్రాడు "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అన్నాడు. వాడు విజయవాడ మెక్సికన్. స్పానిష్ వాళ్ళు వయసు "కలిగి ఉంటారు", అందుకని "ఐ హావ్ ఫోర్టీన్ ఇయర్స్" అంటారు. మనం "ద" మింగేస్తాం, వాళ్ళు అక్కర్లేని చోట కూడా తగిలిస్తారు, "ద లైఫ్ ఈజ్ హార్డ్" అని. "ఐ డోంట్ హావ్ నథింగ్" అనడం వాళ్ళకి సహజం, వాళ్ళ భాషలో రెండుసార్లు కాదన్నా దాని అర్థం "కాదు" అనే. జనం అనే మాట వాళ్ళకి ఏకవచనం కాబట్టి "పీపుల్ ఈజ్". ఉచ్చారణలో మాత్రం చుట్టరికం ఉంది. మన పల్లెల్లో "ఇస్కూలు" అన్నట్టే వాళ్ళు "ఎస్కూల్" అంటారు. "వెరీ" కాస్తా "బెరీ" అవుతుంది. తెలుగు లిపిలో ఇవన్నీ ఎంచక్కా రాయొచ్చు. ఆ సంబరంలో ప్రతి డైలాగుకీ యాస పూసేస్తే చదివేవాడికి విసుగు. అధ్యాయానికి రెండుసార్లు చాలు.

మిగతా దారులు గబగబా చెప్పేస్తాను. కాన్‌కూన్ లాంటి టూరిస్టు ఊరు 1970ల్లో పనిగట్టుకుని కట్టింది. అక్కడ బీచిలో గాజులమ్మే పిల్లకి ఇంగ్లీషులో అంకెలు, బేరం, పొగడ్తలు వస్తాయి. మంచి కథే, కానీ చిన్న కథకి సరిపోయే సరుకు. తిహువానాలో ఉండి రోజూ సరిహద్దు దాటి శాన్ డియేగో బడికి వెళ్ళే పిల్లలు ఉన్నారు. తెల్లవారుజామున క్యూలో నిలబడే సీను బాగుంటుంది, తర్వాత అంతా మూడో దారే. ప్వెర్తో రికో పాత్ర అయితే వలస గొడవ లేదు, 1917 నుంచి వాళ్ళు అమెరికా పౌరులే. ఇంగ్లీషు ఒకటో తరగతి నుంచి ఒక సబ్జెక్టు. బ్రిటన్ చేతిలో ఉన్న జిబ్రాల్టర్ పక్కన, స్పెయిన్ ఊరు లా లీనియాలో పెరిగిన పాత్రనుకుంటే తేదీలు చూసుకోండి. 1969లో ఫ్రాంకో మూసేసిన సరిహద్దు గేటు నడిచి వెళ్ళేవాళ్ళకి 1982 చివర్లో గానీ తెరుచుకోలేదు. డబ్బున్నవాళ్ళ ఇంగ్లీషు మీడియం బడి పిల్ల గురించి చెప్పడానికేం లేదు, ఆమెకి ముందే వచ్చు.

చివరికి లూసియాకి నేను అడుగున సెకుందారియా, మధ్యలో ఈఎస్‌ఎల్ పెట్టి, పైన అమ్మ పనులన్నీ మోపాను. ఐదో అధ్యాయం తిరగరాశాను. ఇప్పుడు ఆమెకి ఇల్లు ఖాళీ చేయిస్తామనే అద్దె నోటీసులో ఉండే "ఎవిక్షన్" తెలుసు, స్పెల్లింగుతో సహా. క్లాస్‌మేట్ ఒకమ్మాయి తన పుట్టినరోజుకి పిలిస్తే వెళ్ళింది. కొవ్వొత్తులు వెలిగించారు, అందరూ "మేక్ ఎ విష్" అని అరిచారు. స్పానిష్‌లో కోరిక అడుగుతారు, చెయ్యరు. ఆ పిల్ల ఏం తయారు చేయబోతోందా అని లూసియా వంటగది వైపు చూసింది.