హెర్బర్ట్‌స్మితైటా, రుథీనియం ట్రైక్లోరైడా?

క్వాంటం స్పిన్ లిక్విడ్ (ఎంత చల్లార్చినా స్పిన్‌లు, అంటే అయాన్ల బుల్లి అయస్కాంతాలు, ఒక క్రమంలో కుదురుకోని స్థితి) కోసం వెతికేవాళ్లు తరచూ ఈ రెండు పదార్థాల దగ్గర ఆగుతారు.

హెర్బర్ట్‌స్మితైట్‌లో రాగి అయాన్లు మూలలు కలిసిన త్రిభుజాల కగోమే జాలకంలో ఉంటాయి. పక్కపక్క స్పిన్‌లు ఎదురెదురు దిక్కుల్లో నిలవాలి. మూడోది ఎటు తిరిగినా పేచీయే. వాటి మధ్య బలం, ఉష్ణోగ్రత లెక్కలో చెబితే, దాదాపు 180 కెల్విన్. అయినా 0.05 కెల్విన్‌కి చల్లార్చినా క్రమంలోకి రావు! చిక్కల్లా జింక్ స్థానాల్లో దూరే అదనపు రాగితోనే. తక్కువ శక్తి దగ్గర వచ్చే సంకేతం కగోమే పొరదా, ఈ చొరబాటుదారుదా తేల్చడం పెద్ద తలనొప్పి.

ఆల్ఫా రుథీనియం ట్రైక్లోరైడ్‌ది తేనెపట్టు జాలకం. భౌతికశాస్త్రవేత్త కిటాయెవ్ 2006లో గణితపరంగా కచ్చితంగా సాధించిన స్పిన్ లిక్విడ్ నమూనాకి ఇది దగ్గర, ఆకర్షణంతా అదే. కానీ సుమారు 7 కెల్విన్ దగ్గర స్పిన్‌లు జిగ్‌జాగ్ వరసల్లో కుదురుకునే క్రమం వచ్చేస్తుంది. దాన్ని చెరపడానికి 7, 8 టెస్లాల అయస్కాంత క్షేత్రం కావాలి. క్షేత్రంలో వేడి పక్కకు మళ్లడాన్ని కొలిచి, స్పిన్ లిక్విడ్ జాడ దొరికిందన్న 2018 నాటి థర్మల్ హాల్ ఫలితంపై వాదన తెగలేదు.

శుభ్రమైన స్ఫటికం దొరికితే నా ఓటు మొదటిదానికే.