సీబీ7 పౌడర్ ఆరు నెలలు వాడాక నా రివ్యూ

కుకుర్బిట్‌యూరిల్-7, అంటే మా ల్యాబ్‌లో అందరం సీబీ7 అనే, వెలిగే రంగుల (డైల) వెలుగు పెంచడానికి వాడే పౌడర్, కొనొచ్చా అని జూనియర్లు అడుగుతున్నారు, ఆరు నెలల నుంచి హైదరాబాద్‌లో రోజూ దీంతోనే పని కాబట్టి చెప్తున్నా. కొనండి. కానీ బాటిల్ మీద ఉన్న బరువు నమ్మి కాన్సంట్రేషన్ లెక్క వేయొద్దు.

ఇది గ్లైకోలూరిల్ అనే చిన్న అణువు యూనిట్లు 7 గుండ్రంగా చుట్టుకున్న అణువు, లోపల బోలు, పైనా కిందా ఆక్సిజన్లు వరస కట్టిన రెండు మూతులు, గుమ్మడికాయలా ఉంటుందని గుమ్మడి మొక్కల కుటుంబం (కుకుర్బిటేసి) పేరే పెట్టారు. 6 యూనిట్లది జర్మన్ కెమిస్ట్ బెహ్రెండ్ 1905లోనే తయారుచేసినా దాని నిర్మాణం 1981 దాకా తేలలేదు, కొరియాలో కిమూన్ కిమ్ గ్రూప్ 2000లో 5, 7, 8 యూనిట్లవి విడదీసింది. 7 అయితే నీళ్ళలో బాగానే కరుగుతుంది, డైలకి మనకి అదే కావాలి.

మొదటిరోజు బెర్బెరిన్‌తో చూశా, మన మానుపసుపుకి ఆ పసుపు రంగు ఇచ్చేది అదే. ఉత్త నీళ్ళలో యూవీ టార్చ్ కింద దాదాపు చీకటే. సీబీ7 చుక్క పడగానే చుక్క దిగిన దారంతా పచ్చగా తీగలా వెలిగింది, క్యువెట్ (కొలతకి వాడే చిన్న పారదర్శక గిన్నె) కదపగానే మొత్తం వెలుగే, లైట్లు ఆపేసి పక్క ల్యాబ్ వాళ్ళని కూడా పిలిచి చూపించా. డై ఆ బోలులోకి దూరితే చుట్టూ నీళ్ళు ఉండవు, దాని వెలుగుని చంపేసేది ఆ నీళ్ళే. వందల రెట్లు పెరుగుతుంది. రోడమిన్ 6జీ అనే ఇంకో డై కూడా ఇందులో ఉంటే గాజుకి అంటుకోవడం తగ్గింది, లేజర్ కింద ఎక్కువసేపు నిలిచింది.

అసలు దెబ్బ పీబీఎస్‌లో (సెల్స్ కోసం వాడే ఉప్పు బఫర్, అంటే పీహెచ్ నిలిపే ద్రావణం) తగిలింది. అదే డై, అదే పౌడర్, వెలుగు మాత్రం బాగా పడిపోయింది. డై పాడైందనుకుని రెండు వారాలు పోగొట్టుకున్నా, తీరా చూస్తే బఫర్‌లో ఉప్పు, సోడియం అయాన్లు ఆ మూతుల దగ్గరే కూర్చుంటాయి, డైకి దారి ఇవ్వవు. నీళ్ళలో వచ్చిన బైండింగ్ విలువ (సీబీ7 డైని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) పట్టుకుని మైక్రోస్కోప్ ఇమేజింగ్‌కి వెళ్ళకండి, మీరు సెల్స్ మీద వాడే బఫర్‌లోనే టైట్రేషన్ (కొంచెం కొంచెం కలుపుతూ కొలవడం) చేయండి. ఇంకోటి, అడమాంటైల్‌అమైన్ (సీబీ7లో డై కంటే గట్టిగా కూర్చునే అణువు) కొంచెం కలిపి చూడండి, అది డైని బయటికి నెట్టేస్తుంది, వెలుగు పడిపోతే సిగ్నల్ కాంప్లెక్స్‌దే (సీబీ7లో దూరిన డైదే) అని నమ్మకం. నేను ఫిక్స్ చేసిన (రసాయనంతో ఉన్నచోట నిలిపేసిన) సెల్స్ మీద ప్రతిసారీ ఈ చెక్ పెడుతున్నా.

ఇక బాటిల్ సంగతి. సర్టిఫికెట్‌లో నీటి శాతం లేదు. ఈ పౌడర్ నీళ్ళూ, తయారీలో మిగిలిన యాసిడ్ పట్టుకుని ఉంటుంది, బఫర్ లేకపోతే పీహెచ్ కూడా దిగుతుంది. సీబీ7లోకి గట్టిగా దూరే కోబాల్టోసీనియం అయాన్ కలుపుతూ 261 నానోమీటర్ల యూవీ వెలుగు ఎంత పీల్చుకుంటుందో చూస్తూ టైట్రేట్ చేస్తే నా బాటిల్‌లో అసలు సీబీ7 రాసినదానికంటే దాదాపు ఐదో వంతు తక్కువ తేలింది. డీలర్‌కి మూడుసార్లు రాశా, జవాబు లేదు. అంత రేటు పెట్టి కొన్నాక ఆ ఒక్క అంకె కూడా ఇవ్వకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

పౌడర్‌కి 5కి 4.5, డీలర్‌కి 2. రెండో బాటిల్ వేరే చోట ఆర్డర్ పెట్టా, లాట్ నంబర్‌తో పాటు నీటి శాతం రాసిచ్చాకే పేమెంట్ అని ముందే చెప్పా.