ఐలీన్ డోనన్ కోట: వెళ్లేముందు తెలియాల్సినవి

స్కాట్లండ్‌లో స్కై దీవికి వెళ్లే ఏ87 రోడ్డు పక్కన, డోర్నీ ఊరి దగ్గర, మూడు సముద్రపు పాయలు కలిసేచోట ఉందీ కోట. ఒకప్పుడు సీఫోర్త్ ప్రభువులైన మెకెంజీలది. 1719లో జాకొబైట్ తిరుగుబాటుదారులు (గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ నిలబెట్టాలనుకున్నవాళ్లు) ఇక్కడే మందుగుండు దాచి, 46 మంది స్పెయిన్ సైనికులను కాపలా పెట్టారు. మే 10న మూడు బ్రిటిష్ యుద్ధనౌకలు ఫిరంగులు పేల్చాయి. కొన్నిచోట్ల 14 అడుగుల మందమున్న గోడలు లొంగలేదు. సాయంత్రం పడవల్లో వచ్చి దిగిన దళం లోపలివాళ్లను పట్టుకుంది. దొరికిన 343 పీపాల తుపాకిమందులో 27 పీపాలు పెట్టి కోటను పేల్చేశారు.

అందుకే ఇప్పుడు మనం చూసేది చాలావరకు 1912-32 మధ్య మెక్రే వంశీకుడు తిరిగి కట్టించిందే. రాతి వంతెన కూడా అప్పటిదే. అచ్చంగా పాతకాలపు కోట అనుకుని వెళ్తే నిరాశ తప్పదు. పని మాత్రం ఎంతో శ్రద్ధగా చేశారు, విందుశాల, వంటగది వదలకండి. మెలిమెట్లు బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. ఇన్వర్‌నెస్-పోర్ట్రీ బస్సు డోర్నీలో ఆగుతుంది. ఫొటోలకైతే పోటు వేళ చూసుకోండి, ఆటులో చుట్టూ నాచు, బురదే.

అదే రోడ్డులో స్కైకి ఎదురు దిశలో వెళ్తే గ్లెన్ షీల్ లోయ. 1719 జూన్ 10న ఆ తిరుగుబాటుదారులు ఓడిపోయింది అక్కడే. ఆ రెండూ ఒకే రోజు చూడొచ్చు.